కళాశాలలో తొలి పుస్తకము

ఏటేటా గోదావరికి ఎఱ్ఱనీరు వచ్చు దినములలో మన పాఠశాల చదువు ముగించిన బాలబాలికలు పై చదువులకు పోవుచుందురు. కొందఱు యానాములోనే యుందురు. కొందఱు కాకినాడకో, రాజమహేంద్రవరమునకో, మఱికొందఱు సుమారు 870 కిలోమీటర్ల దూరముననున్న పుదుచ్చేరికో తరలుదురు. ఎచటికి పోయినను వారి కష్టము ఒక్కటియే. నిన్నటివఱకు తెలుగున నేర్చిన శాస్త్రములను ఇకమీదట ఆంగ్లమున నేర్వవలయును. చేతికి వచ్చిన మొదటి పుస్తకము మంచిదైనచో ఆ కష్టము సగమగును, కానిచో ఇనుమడించును. కావున ఆ పుస్తకమును ఎంచుకొను విధమును గూర్చి విద్యార్థులకును, తలిదండ్రులకును కొన్ని మాటలు చెప్పదలచితిమి.

మా పూర్వవిద్యార్థి యొకడు కళాశాలలో చేరిన నెలలోనే వేయిపుటలకు మించిన భౌతికశాస్త్ర గ్రంథమును కొనెను. తండ్రి చేపలవేటలో కూడబెట్టిన సొమ్ము దానికి ఖర్చయ్యెను. దసరా సెలవులలో అతడు మా కడకు వచ్చి, తలవంచుకొని, “నాకు ఫిజిక్సు రాదండి మాస్టారూ, మానేస్తానండి” అనెను. ఆ పుస్తకము మొదటి అధ్యాయములోని లెక్క నొకదానిని మేము తెలుగున చదివి వినిపించితిమి. పావుగంటలో సాధించెను. అతనికి రానిది భౌతికశాస్త్రము కాదు, అది వ్రాయబడిన భాష. ఈ రెండింటిని వేఱుచేసి చూడనేరక తమను మందబుద్ధులుగా ఎంచుకొని చదువు విడుచు పిల్లలు కలరు. ఈ వ్యాసము ముఖ్యముగా వారికొఱకే.

భాషాల్పసంఖ్యాక వర్గముల బాలలకు మాతృభాషలో బోధన కల్పించుటకు తగిన ఏర్పాట్లు చేయవలెనని రాజ్యాంగములోని 350ఎ అధికరణము నిర్దేశించుచున్నది. 1956లో ఏడవ సవరణచే చేరిన ఈ అధికరణము ప్రాథమిక దశకే పరిమితము. కళాశాల దశలో మన జాగ్రత్త మనమే పడవలయును.

అయినను మనము వట్టిచేతులతో లేము. తొమ్మిదవ శతాబ్దమున మహావీరాచార్యుడు సంస్కృతమున రచించిన గణితసారసంగ్రహమును పదునొకండవ శతాబ్దమున పావులూరి మల్లన తెనిగించెను. 1906లో స్థాపితమైన విజ్ఞానచంద్రికా మండలి చరిత్రను, శాస్త్రములను తెలుగువారి యింటికి తెచ్చెను. 1968లో హైదరాబాదున నెలకొన్న తెలుగు అకాడమి ఇంటర్మీడియటుకును, డిగ్రీకిని తెలుగు పాఠ్యగ్రంథములను వెలువరించెను. “ఇంట గెలిచి రచ్చ గెలువు” మనుట పెద్దల మాట. తెలుగు పుస్తకమున విషయమును గెలిచినవానికి ఆంగ్ల పుస్తకమున భాషయొక్కటియే గెలువవలసి యుండును.

ఏ పుస్తకమునైనను కొనుటకు ముందు చేయవలసిన పరీక్షలు

మొదటిది: గ్రంథాలయమున ఆ పుస్తకమును తీసి, మీకు కొంత తెలిసిన అధ్యాయమున పది పుటలు చదువుడు. శాస్త్రపదములు తెలియకున్న భయములేదు; వానిని ఆ పుస్తకమే నేర్పును. సామాన్యమైన మాటలే పుటకు ఆఱేడు తెలియకున్నచో అది మీకు రెండవ పుస్తకము, మొదటిది కాదు.

రెండవది: సాధించి చూపిన లెక్కలును, అభ్యాసములకు జవాబులును కలవేమో చూడుడు. ఇంట చెప్పువారు లేని విద్యార్థికి ఆ జవాబులే గురువులు.

మూడవది: చివర పదసూచిక ఉన్నదా? సూచికలేని పెద్దపుస్తకము చుక్కాని లేని నావవంటిది.

నాలుగవది: ముద్రణ సంవత్సరమును చూడుడు. మానవకణమున 48 క్రోమోసోములు కలవని 1923లో పెయింటరు అను శాస్త్రజ్ఞుడు ప్రకటించెను. మూడు దశాబ్దములకు పైగా పాఠ్యపుస్తకములు దానినే అచ్చువేసినవి. 1956లో చియో, లెవాన్ అనువారు సరిగా లెక్కించి 46 అని తేల్చిరి. నేడును ప్లూటోను గ్రహముగా చెప్పు పుస్తకము 2006కు ముందరిదని తెలిసికొనుడు. గణితమున పాతపుస్తకము చెడదు. జీవశాస్త్రమునను, అర్థశాస్త్రమునను చెడును.

శాస్త్రముల వారీగా

గణితము: దీనికి భాషాభారము తక్కువ. హాల్, నైట్ల ఉన్నత బీజగణితము 1887 నాటిది. లోనీ త్రికోణమితి 1893 నాటిది. అభ్యాసముల సమృద్ధిచే ఇవి నేటికిని మనదేశమున అచ్చగుచున్నవి. హార్డీ 1908లో వెలువరించిన శుద్ధగణిత గ్రంథము ఉపపత్తులయందు రుచి పుట్టినపిదప చదువదగినది. గణితమున తెలుగు విద్యార్థిని పడద్రోయునవి పెద్ద మాటలు కావు. ఎట్ లీస్ట్, ఎట్ మోస్ట్, ఓన్లీ ఇఫ్ వంటి చిన్న మాటలు. నాలుగుచే భాగింపబడు సంఖ్య రెండుచే భాగింపబడును. రెండుచే భాగింపబడు ప్రతిసంఖ్యయు నాలుగుచే భాగింపబడదు, ఆఱును చూడుడు. ఇఫ్, ఓన్లీ ఇఫ్ అను మాటల భేదమంతయు ఇందే కలదు. ఇట్టి మాటలను ఒక కాగితముపై వ్రాసి, తెలుగర్థములతో ఎదుట నుంచుకొనుడు.

భౌతికశాస్త్రము: ఇందు మాటల చిక్కు వేఱు. తలపై బస్తా నెత్తుకొని రేవున కదలక నిలిచిన కూలి ఎంత అలసినను, ఆ బస్తాపై అతడు చేసిన పని సున్నయని శాస్త్రము చెప్పును. వడి, వేగము లోకమున ఒక్కటే. శాస్త్రమున దిశ చెప్పనిది వడి, దిశతో కూడినది వేగము. ఆంగ్లమున అవి స్పీడ్, వెలాసిటీ. తెలుగున ఈ భేదమును గ్రహించినవానికి ఆంగ్లమున కొత్తగా నేర్వవలసినది పేరు మాత్రమే. హెచ్.సి. వర్మ 1992లో రెండు సంపుటములుగా ప్రకటించిన గ్రంథము భాష సులభము, ప్రశ్నలు లోతైనవి, మొదటిదిగా తగును. హాలిడే, రెస్నిక్కుల గ్రంథము దాని తరువాత. ఫైన్‌మన్ ఉపన్యాసములు లోకప్రసిద్ధములు. కాని తన విద్యార్థులలో ఎక్కువమందికి అవి ఎంతవఱకు ఉపకరించినవో యని ఆయనయే పీఠికలో సందేహించెను. గొప్ప పుస్తకము వేఱు, తొలి పుస్తకము వేఱు.

రసాయన, జీవశాస్త్రములు: వీనియందు పదజాలమే కొండంత. కిరణజన్య సంయోగక్రియ యన్నపుడు కిరణముచే పుట్టిన కలయిక యను భావము మాటలోనే కలదు. ఫొటోసింథసిస్ అను గ్రీకుమాటయు దానినే చెప్పును; ఫొటో యనగా వెలుగు, సింథసిస్ అనగా కూర్పు. మాటను విఱిచి చూచు అలవాటున్నచో బట్టీపట్టు పని తప్పును. పటములు స్పష్టముగా నున్న పుస్తకమునే ఎంచుకొనుడు.

అర్థశాస్త్రము: 1948 నాటి శామ్యూల్సన్ గ్రంథమును, తరువాతి మాన్‌క్యూ గ్రంథమును అమెరికా విద్యార్థులకొఱకు వ్రాయబడినవి. మాన్‌క్యూ గిరాకిని ఐస్‌క్రీముతో వివరించును. మీరు ఆ చోట పులసను పెట్టి చదువుడు. పుస్తెలమ్మియైనను పులస తినవలెనను ఊరిలో, వరదకాలమున నాలుగు చేపలే వలలో పడినపుడు ధర వేలకు ఏల పోవునో మీకు ఒకరు చెప్పనక్కఱలేదు. అయితే మనదేశపు పన్నులు, ప్రణాళికలు ఆ గ్రంథములలో దొరకవు. దానికి భారత అర్థవ్యవస్థపై కొత్త ముద్రణ నొకదానిని చేర్చుకొనవలెను. 2015లో నీతి ఆయోగ్, 2017లో వస్తుసేవల పన్ను వచ్చినవి గదా.

చరిత్ర: రొమిలా థాపర్ 1966లో వ్రాసిన ప్రాచీనభారత చరిత్రను తానే తిరుగవ్రాసి 2002లో ప్రకటించెను. చరిత్రపుస్తకము తుదితీర్పు కాదనుటకు ఇదియే నిదర్శనము. తెలుగున సురవరం ప్రతాపరెడ్డిగారి ఆంధ్రుల సాంఘిక చరిత్ర రాజులను గాక ప్రజల తిండిని, ఆటలను, ఆచారములను చెప్పును. చరిత్ర పుస్తకమును పరీక్షించుటకు మనకొక సులభోపాయము కలదు: సూచికలో యానామును వెదకుడు. దేశమునకు 1947 ఆగస్టు 15న స్వాతంత్ర్యము వచ్చెననుట నిజమే. కాని మన ఊరిలో ఫ్రెంచి పాలన 1954 జూన్ 13న కూలినది. ఆ సంవత్సరమే నవంబరు 1న నాలుగు ఫ్రెంచి స్థావరముల పాలన భారతప్రభుత్వము చేతికి వచ్చినది. చట్టరీత్యా విలీనము 1962 ఆగస్టు 16న గాని పూర్తికాలేదు. ఈ మాట లేని పుస్తకము చెడ్డదని మేమనము. ప్రతి పుస్తకమును కొంత చెప్పి కొంత విడుచునని ఎఱుగుటయే చరిత్రాధ్యయనమునకు మొదటి మెట్టు.

తలిదండ్రులకు మనవి: వెల హెచ్చైన పుస్తకమే మంచిదని తలంపవలదు. ఒక్కొక్క శాస్త్రమునకు ఒక్క ఆంగ్ల గ్రంథమును, దానికి తోడుగా ఒక తెలుగు పుస్తకమును చాలును. గణితమునకు పాతపుస్తకము కొన్నను నష్టములేదు. పరీక్షలముందు అమ్ము గైడులు ప్రశ్నకు జవాబు నిచ్చునుగాని శాస్త్రము నీయవు. మీ బిడ్డ మొదటి మూడు మాసములలో “నాకు రాదు” అన్నచో కోపింపకుడు. ఏది రాలేదో, విషయమో భాషయో, తెలుగున అడిగి చూడుడు.

విద్యార్థులారా! తెలుగున చదివితిమని చిన్నబుచ్చుకొనకుడు. తెలుగున నేర్చినది మీకు అడుగునేల. దానిని విడిచి చదువుట నేల విడిచి సాము చేయుట.

అభ్యాసము

1. గ్రంథాలయమున ఒకే శాస్త్రమునకు చెందిన రెండు పుస్తకములను తీసికొని, పై నాలుగు పరీక్షలును చేసి, ఏది మొదటిదో, ఏది రెండవదో కారణములతో వ్రాయుడు.

2. మీ పాఠ్యపుస్తకము నుండి ఇరువది శాస్త్రపదములను ఎంచి, వాని ఆంగ్లనామములను తెలుగులిపిలో ఎదురుగా వ్రాయుడు.

3. మీ ఇంట పెద్దవారిని 1954 నాటి యానామును గూర్చి అడిగి, వారు చెప్పినదానిని పుస్తకములోని దానితో పోల్చుడు.