చింతపిక్కలతో కత్తియుద్ధం

బల్ల చుట్టూ నలుగురైదుగురు కూర్చుంటారు. ఒకరు గేమ్ మాస్టర్‌గా కథ నడుపుతారు, మిగిలినవాళ్లు తలో పాత్ర ధరిస్తారు, సందేహం వచ్చిన చోట పాచికలు తేలుస్తాయి. రోల్‌ప్లేయింగ్ గేమ్ అంటే ఇంతే. కథ బాగానే సాగుతుంది కానీ కత్తులు దూసే ఘట్టం రాగానే చప్పబడిపోతుంది. "నరుకుతున్నా" అని ఒకరు పాచిక వేస్తారు. తగిలితే అవతలివాడి ఖాతాలో ఆరు పాయింట్లు తగ్గుతాయి. తర్వాత అవతలివాడు అదే పని చేస్తాడు. ఎవరి అంకె ముందు సున్నాకు వస్తే వాళ్లు పడిపోతారు. ఇందులో లెక్క రాసుకోవడం తప్ప ఆటగాడు చేసిందేమీ లేదు.

ఈ పద్ధతి ఎక్కడిదో తెలిస్తే దాన్ని మార్చడం తేలిక. 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ తెచ్చిన డంజన్స్ అండ్ డ్రాగన్స్, సైన్యాలను బొమ్మలతో నడిపే యుద్ధక్రీడల నుంచి పుట్టింది. దానికి ముందు 1971లో వచ్చిన చైన్‌మెయిల్ అలాంటిదే. గాయాల పాయింట్ల ఆలోచన తనకు ఓడల యుద్ధం ఆట నుంచి వచ్చిందని ఆర్నెసన్ చెప్పుకున్నాడు. ఓడకు అది సరిపోతుంది, చిల్లులు పడుతూ పడుతూ మునుగుతుంది. మనిషి అలా పడడు. ఆ తొలి ఆటలో ఏ ఆయుధం తగిలినా ఒకే ఆరు ముఖాల పాచిక వేసేవారు. 1979 నాటి అడ్వాన్స్‌డ్ రూపంలో ఒక రౌండు అంటే ఒక నిమిషం. ఆ నిమిషంలో ఎవరు ఎలా కాచుకున్నారో ఆట పట్టించుకోదు.

కాబట్టి నియమాలు రాసేముందు ఒక ప్రశ్నకు జవాబు కావాలి: పాచిక వేయకముందు ఆటగాడు దేన్ని పణంగా పెడుతున్నాడు? నా ఉద్దేశంలో కత్తియుద్ధం మొత్తం ఒకే ప్రశ్న. కొట్టడానికి ఎంత, కాచుకోవడానికి ఎంత? మిగతాదంతా దాని చుట్టూ అల్లుకోవచ్చు.

ఈ దారి నాకంటే ముందు కొందరు తొక్కినదే. 1975 నాటి ఆన్ గార్డ్! అనే ఆటలో పదిహేడో శతాబ్దపు పారిస్ ద్వంద్వయోధులు తమ కదలికలను ముందే వరసగా కాగితం మీద రాసుకుని, తర్వాత ఒక్కొక్కటిగా పోల్చి చూసుకుంటారు. 1978లో వచ్చిన రూన్‌క్వెస్ట్ వేటుకు ఒక పాచిక, అడ్డుకు ఒక పాచిక పెట్టింది. పాత ఐరోపా ఖడ్గవిద్యను సాధన చేసిన జేక్ నార్వుడ్ 2002లో ది రిడిల్ ఆఫ్ స్టీల్ రాశాడు. అందులో ప్రతి యోధుడికీ ఒక గుప్పెడు పాచికలుంటాయి, వాటిని దాడికీ రక్షణకూ తనే పంచుకోవాలి. నేను చెప్పబోయే నియమాల వెన్నెముక అక్కడిదే. పిక్కలు మాత్రం మనవి.

ముందుగా ఒక్కొక్కరికీ ఎనిమిది చింతపిక్కలు ఇవ్వండి. సరి-బేసి ఆడుకున్నవాళ్లకు పిడికిట్లో పిక్కలు దాచి ఎదుటివాడి మొహం చదవడం కొత్తగా నేర్పక్కర్లేదు. కుడి పిడికిట్లో పెట్టినవి వేటుకు, ఎడమ పిడికిట్లోవి అడ్డుకు, మిగిలినవి ఒడిలో. ఇద్దరూ ఒకేసారి పిడికిళ్లు తెరవాలి. ఎన్ని పిక్కలుంటే అన్ని ఆరు ముఖాల పాచికలు వేయాలి. 4, 5, 6 పడితే పాచిక పారినట్టు. నా వేటు పాచికల్లో పారినవి నీ అడ్డులో పారినవాటికంటే ఎక్కువైతే దెబ్బ తగిలింది. సమానమైతే నువ్వు కాచుకున్నట్టే. అదే సమయంలో నీ వేటు నా అడ్డును దాటితే నాకూ తగులుతుంది.

ఇది ఒక ఎత్తు. రెండు ఎత్తులు కలిపితే ఒక పట్టు. రెండో ఎత్తుకు ఒడిలో మిగిలిన పిక్కలే దిక్కు. పట్టు ముగిశాక ఎనిమిదీ తిరిగి చేతికొస్తాయి. మొదటి ఎత్తులోనే అన్నీ ఊడ్చిపెట్టినవాడు రెండో ఎత్తులో వట్టి చేతులతో నిలబడతాడు.

లెక్క ఒకసారి చూద్దాం, ఎందుకంటే ఈ నియమాల అసలు రుచి ఇక్కడే ఉంది. మొదటివాడు 4 వేటుకు, 1 అడ్డుకు పెట్టి 3 దాచుకున్నాడు. రెండోవాడు 2 వేటుకు, 3 అడ్డుకు పెట్టి 3 దాచుకున్నాడు. మొదటివాడి దెబ్బ తగిలే అవకాశం సరిగ్గా సగం. ఆశ్చర్యంగా, రెండోవాడిదీ సగమే. అయితే తేడా దెబ్బ లోతులో ఉంది. పారిన వేట్ల నుంచి పారిన అడ్డులు తీసేస్తే వచ్చేదే లోతు. 1 అయితే గీత, తర్వాతి ఎత్తులో ఒక పిక్క తగ్గుతుంది. 2 అయితే గాయం, ఆ పోరు ముగిసేదాకా రెండు పిక్కలు పోయినట్టే. 3 లేదా పైన అయితే మనిషి పడిపోయాడు. మొదటివాడికి ఒక్క దెబ్బతో ప్రత్యర్థిని పడగొట్టే అవకాశం 16లో 1 ఉంది. రెండు పిక్కలతో కొట్టిన రెండోవాడికి అది అసలే లేదు. అతను గీయగలడు, గాయపరచగలడు, అంతే. తెగించినవాడికీ ఆచితూచి కొట్టేవాడికీ ఉండాల్సిన తేడా పాయింట్ల పట్టిక అవసరం లేకుండానే వచ్చేసింది.

ఇద్దరూ ఎనిమిదీ వేటుకే పెడితే? దాదాపు ఎప్పుడూ ఇద్దరికీ తగులుతుంది, చాలాసార్లు ఇద్దరూ పోతారు. కొందరు ఆటగాళ్లు దీన్ని లోపమంటారు, నేను ఒప్పుకోను. ఎదుటివాణ్ని కొట్టి తనూ చచ్చేది విద్య కాదని పాత ఖడ్గగురువులు పదేపదే మందలించారు. ఆట కూడా ఆ మాటే చెబుతోంది.

ఇక చొరవ. పద్నాలుగో శతాబ్దపు యోహానెస్ లీష్టెనావర్ పేరిట నడిచిన జర్మన్ సంప్రదాయంలో ముందు, వెనుక అనే రెండు మాటల మీదే విద్యంతా ఆధారపడుతుంది. ముందు ఉన్నవాడు నడిపిస్తాడు, వెనుక ఉన్నవాడు స్పందిస్తాడు. చాలా ఆటలు దీన్ని 'ఎవరు ముందు పాచిక వేయాలి' అనే చిన్న ప్రశ్నగా కుదించేశాయి. మన ఆటలో ఇలా చేయండి: తనకు తగలకుండా ఎదుటివాణ్ని కొట్టినవాడికి చొరవ దక్కుతుంది. తర్వాతి ఎత్తులో చొరవ లేనివాడు తన ఎడమ పిడికిలి ముందే తెరిచి చూపించాలి. అవతలివాడు ఆ అడ్డు ఎంతో చూసి, అప్పుడు తన పిక్కలు పంచుకుంటాడు. చొరవ చేయి మారేదాకా ఇదే వరస. ఈ ఒక్క నియమంతో బల్ల దగ్గర గొంతులు మారిపోతాయి.

ఆడి చూస్తే ఒక చిక్కు ఎదురవుతుంది. జాగ్రత్తపరులు అన్నీ అడ్డుకే పెట్టి కూర్చుంటారు, పోరు కదలదు. మందు సులభం. వేటుకు తక్కువ పిక్కలు పెట్టినవాడు ఒక అడుగు వెనక్కి వేయాలి. వెనక మూడు అడుగుల చోటుంటుంది. ఆ తర్వాత గోడో, బావో, మెట్లో ఏదో ఒకటి గేమ్ మాస్టర్ ముందే చెప్పి ఉంచాలి. వీపు గోడకు తగిలినవాడికి పట్టుకు రెండు పిక్కలు తగ్గుతాయి. కత్తి కాంతారావు జానపద చిత్రాలు చూసి పెరిగిన తెలుగువాడికి మెట్ల మీద పోరు అంటే ఏమిటో వేరే చెప్పాలా? చోటు లేని పోరు పోరే కాదు.

ఆయుధాల పొడవును ఇదే లెక్కలో కలపొచ్చు. పొడవు కత్తి ఎదుట బాకు పట్టినవాడు దగ్గరకు చొరబడాలంటే పట్టు మొదట్లోనే రెండు పిక్కలు చెల్లించాలి. ఒకసారి చొరబడ్డాక అది పెనుగులాట. అక్కడ పొడవు కత్తివాడికి రెండు పిక్కలు తక్కువ. దూరం మళ్లీ పెంచుకోవాలన్నా అతనే రెండు చెల్లించాలి. ఇటలీ గురువు ఫియోరే దెయి లిబేరీ పదిహేనో శతాబ్దం మొదట్లో కూర్చిన గ్రంథంలో కుస్తీ పట్లూ బాకు పట్లూ బోలెడన్ని ఉన్నాయి. డాలు ఉన్నవాడికి ప్రతి ఎత్తులో అడ్డుకు ఒక పిక్క ఉచితం. కత్తి బరువుకు మాత్రం నియమం పెట్టకండి. రెండు చేతులతో పట్టే లాంగ్‌సోర్డ్ కూడా సుమారు కిలోన్నరే తూగుతుంది. సినిమాల్లో ఊగిపోతూ ఎత్తే బరువు కత్తులు వట్టి కల్పన.

కవచం దగ్గర కొంచెం ఆగాలి, ఎక్కువమంది తడబడేది ఇక్కడే. కవచం ఉంటే దెబ్బ తగలడం కష్టమవుతుందని డంజన్స్ అండ్ డ్రాగన్స్ లెక్క. నిజానికి తగలడం కష్టం కాదు, దిగడం కష్టం. ఉక్కు రేకుల కవచాన్ని కత్తి నరకలేదు. అందుకే కవచధారులు ఒక చేత్తో తమ కత్తి అలుగునే పట్టుకుని, కీళ్ల సందుల్లోకి మొన దూర్చేవారు. 1467 నాటి హాన్స్ టాల్‌హోఫర్ గ్రంథంలో ఆ బొమ్మలున్నాయి. కాబట్టి రేకుల కవచం దెబ్బ లోతులో 2 తగ్గించాలి. పెనుగులాటలో మొన పోటుకైతే ఏమీ తగ్గించదు. గొలుసు కవచం నరుకుడుకు 2, పోటుకు 1 తగ్గిస్తే చాలు. అంతకుమించి వద్దు. 1980లో వచ్చిన ఆర్మ్స్ లా ప్రతి ఆయుధానికీ ఇరవై రకాల కవచాలతో ఒక పట్టిక ఇచ్చింది. చదవడానికి అది గొప్పగా ఉంటుంది, కానీ ఆట మధ్యలో పేజీలు తిప్పుతూ కూర్చుంటే కత్తి చల్లారిపోతుంది.

ఒక పెద్ద అభ్యంతరం మిగిలింది. గాయపడితే పిక్కలు తగ్గుతాయి, తగ్గితే మళ్లీ గాయపడతాడు. మొదటి దెబ్బ కొట్టినవాడే సాధారణంగా గెలుస్తాడు. ఒక్క ద్వంద్వయుద్ధానికి ఇది సబబే. నెలల తరబడి సాగే కథలో మాత్రం నాయకుడు రెండో వారానికే పోతే అందరికీ నీరసం. దీనికి ది రిడిల్ ఆఫ్ స్టీల్ చూపిన దారి నాకు నచ్చింది. ప్రతి ఆటగాడూ తన పాత్ర దేనికోసం ప్రాణమిస్తుందో మొదటే రాసుకోవాలి: తమ్ముడు, ఇచ్చిన మాట, పగ. పోరు దానికి సంబంధించినదైతే రెండు పిక్కలు అదనం. అప్పుడు సంతలో తగవుకు కత్తి దూసేవాడు తక్కువ పిక్కలతోనూ, తమ్ముణ్ని కాపాడేవాడు ఎక్కువ పిక్కలతోనూ నిలబడతారు. ఎప్పుడు కత్తి దూయాలి, ఎప్పుడు తప్పుకోవాలి అనే ఆలోచన కూడా ఆటగాడికి వస్తుంది.

గుంపు మీద పడితే ఒక్కొక్క రౌడీకీ విడిగా పిక్కలు ఇవ్వకండి. ముగ్గురిని కలిపి పది పిక్కల ఒకే ప్రత్యర్థిగా ఆడించండి. ఒక గాయం తగిలితే ఒకడు పారిపోయినట్టు.

ఆడేముందు పరీక్షించి చూడండి. ఒకే జంటను, ఒకే ఆయుధాలతో, వరసగా పదిసార్లు తలపడనివ్వండి. ఒకరు ఎప్పుడూ తెగించి, ఒకరు ఎప్పుడూ కాచుకుని ఆడాలి. ఏదో ఒక పద్ధతి ఎప్పుడూ గెలుస్తుంటే వెనకడుగుల సంఖ్య మార్చండి, పిక్కల సంఖ్యను కదిలించకండి. పిక్కలు మారితే పైన చెప్పిన లెక్కలన్నీ మారిపోతాయి. ఒక పోరు టీ చల్లారేలోగా తేలకపోతే నియమాలు ఎక్కువయ్యాయని అర్థం. ముందు డాలును, తర్వాత గొలుసు కవచాన్ని తీసేయండి. పిడికిళ్లు, వెనకడుగు, చొరవ, ఈ మూడింటిని మాత్రం ఉంచండి.