పేరొకరిది, పని ఒకరిది

నల్లగొండ ఎండలో చలువ కళ్ళద్దాలు సోకు కాదు, అవసరం. కామర్సు క్లాసులో ‘లైసెన్సు’ అనే పాఠం విన్నాక, వాటి మీద ఉండే పెద్ద పేర్ల సంగతేమిటో చూడాలనిపించింది.

పేరున్న బట్టల కంపెనీలలో చాలావాటికి కళ్ళద్దాల ఫ్యాక్టరీ ఉండదు. తన పేరు వాడుకొనే హక్కును కంపెనీ ఒక తయారీదారునికి కొన్నేళ్ళ గడువుకు ఇస్తుంది; అమ్మకాల మీద రాయల్టీ పుచ్చుకుంటుంది. నమూనాను ఒప్పుకోవడం పేరుగలవారి వంతు. ఫ్రేము చేసి, అద్దం బిగించి, దుకాణానికి చేర్చడం తయారీదారుని వంతు. ఇటలీలోని అగోర్దో అనే కొండ ఊళ్ళో 1961లో డెల్ వెక్కియో స్థాపించిన లగ్జోటికా, 1988లో అర్మానీతో ఇట్లాంటి ఒప్పందమే చేసుకున్నది. 2003లో ఆ పేరు సఫీలో కంపెనీకి పోయింది. 2013లో మళ్ళీ తిరిగొచ్చింది. పనివాళ్ళు ఉన్నచోటే ఉన్నారు, పేరే వలసపోయింది!

ఇది చదువుతుంటే నాకు మా నాన్న గుర్తొచ్చాడు. నూలుకు చిటికి కట్టి, రంగులద్ది, మగ్గం గుంటలో కూర్చుని ఆయన నేసిన చీర మీద ఆయన పేరెన్నడూ లేదు, ఊరి పేరుంది. ఆ పోచంపల్లి ఇక్కత్‌కు 2004-05లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. 1999 నాటి చట్టం 24వ సెక్షను ప్రకారం ఆ హక్కును అమ్మరాదు, తాకట్టు పెట్టరాదు, లైసెన్సుకూ ఇవ్వరాదు.

అంటే ఈ పేరు ఊరు విడిచి పోలేదు. కాని అచ్చుగుడ్డను ఇక్కత్ అని అమ్మేవాళ్ళున్నారు. చట్టం పేరును కాపాడుతుంది. చేతిని కాపాడవలసింది మాత్రం కొనే మనమే.