పోటీ రోజున మీరు ఆ గదిలో ఉండరు

స్పెల్లింగ్ బీ, రోబోటిక్స్ పోటీల సంగతి తెలియని తెలుగు ఇల్లు అమెరికాలో అరుదు. ఎన్విరోథాన్ సంగతి తెలిసిన ఇల్లూ అంతే అరుదు. 9 నుంచి 12 తరగతుల పిల్లలు ఐదుగురు జట్టుగా దిగే పోటీ ఇది. నేల, నీరు, అడవి, వన్యప్రాణులు అనే నాలుగు సబ్జెక్టులు ఎప్పుడూ ఉంటాయి. ఐదోది ఏటా మారే పర్యావరణ సమస్య. 1979లో పెన్సిల్వేనియాలోని కన్జర్వేషన్ డిస్ట్రిక్ట్‌లు (నేల, నీటి సంరక్షణ చూసే స్థానిక సంస్థలు) దీన్ని మొదలుపెట్టాయి. ఇప్పుడు అమెరికా రాష్ట్రాలు, కెనడా ప్రావిన్సుల్లో గెలిచిన జట్లు వేసవిలో అంతర్జాతీయ పోటీలో తలపడతాయి.

జట్టుకు పెద్దవాళ్ల అండ కావాలి. సాధారణంగా టీచర్లే చూసుకుంటారు. స్కూలు ఒప్పుకుంటే ఉద్యోగం చేసుకునే తల్లిదండ్రులూ తోడు నిలవచ్చు. రాష్ట్రాన్ని బట్టి నిబంధనలు మారతాయి కాబట్టి ముందుగా టీచరుతో మాట్లాడండి.

పాఠాలు మీరు చెప్పకండి

పగలంతా ఆఫీసు పని చేసి, రాత్రి ఐదు సబ్జెక్టులు చదివి, శనివారం పిల్లలకు చెప్పడం జరిగే పని కాదు. అవసరం కూడా లేదు. మీ కౌంటీలోనే ఫారెస్టరు ఉంటారు, మట్టిని పరీక్షించేవారు ఉంటారు, వాగుల్లో నీటి నాణ్యత చూసేవారు ఉంటారు. వాళ్లను పిల్లల దగ్గరికి తీసుకురావడమే మీ పని. "మా పిల్లలకు సాయం చేయండి" అని ఊరికే అడిగితే మెయిల్ మూలన పడుతుంది. "ఫలానా శనివారం, రెండు గంటలు, ఐదుగురు పిల్లలు, చెట్టు మాను చుట్టుకొలత, ఎత్తు కొలవడం నేర్పాలి" అని అడగండి.

పుస్తకంతో రానివి నేర్పించడానికే ఆ సమయం వాడుకోండి. తడిమట్టిని బొటనవేలితో, చూపుడువేలితో నొక్కి రిబ్బనులా సాగదీస్తే, అది ఎంత పొడవు సాగిందన్నదాన్ని బట్టి బంకమట్టి పాలు తెలుస్తుంది. చెట్టు మందాన్ని నేల నుంచి నాలుగున్నర అడుగుల ఎత్తులో కొలుస్తారు, ఎత్తుకు క్లైనోమీటర్ వాడతారు. వాగు అడుగున రాళ్లు తిప్పినప్పుడు మేఫ్లై, స్టోన్‌ఫ్లై, క్యాడిస్‌ఫ్లై పిల్లపురుగులు రకరకాలుగా కనిపిస్తే నీరు బాగున్నట్టు. పుర్రెలో పళ్ల తీరు చూసి ఆ జంతువు తిండి ఏమిటో చెప్పగలగాలి. ఇవన్నీ చేతికి అలవాటు కావాలి.

ఇంట్లో చేయించదగ్గది ఒకటి ఉంది. అమెరికా వ్యవసాయ శాఖ వారి వెబ్ సాయిల్ సర్వే ఉచితం. మీ అడ్రసు కొట్టి, ఇంటి కింది నేల ఏ రకమో, నీరు ఎంత త్వరగా ఇంకుతుందో పిల్లలనే చదవమనండి.

ఒక్కొక్కరికి ఒక సబ్జెక్టు పూర్తిగా అప్పగించి, మరొకటి అదనంగా ఇవ్వండి. ఒకరికి జ్వరం వస్తే ఆ సబ్జెక్టు చూసేవాళ్లు లేకుండా పోకూడదు.

మీ అనుభవం పనికొచ్చే చోటు

అంతర్జాతీయ పోటీలో మొత్తం 700 మార్కులు. ఐదు పరీక్షలకు 500, ప్రజెంటేషన్‌కు 200. ఒక సమస్య ఇచ్చి, జట్టును వేరే గదిలో కూర్చోబెట్టి, కొన్ని గంటలు గడువిస్తారు. తర్వాత 20 నిమిషాలు జడ్జీల ముందు మాట్లాడాలి. ఐదుగురూ నోరు విప్పాలి. జట్టు సిద్ధమయ్యే ఆ గదిలోకి కోచ్‌కు ప్రవేశం లేదు.

క్లయింటు అడిగింది సరిగ్గా చదవడం, పని పంచుకోవడం, గడియారం చూసుకోవడం, "ఇదే ఎందుకు, అది ఎందుకు కాదు" అంటే జవాబు చెప్పడం మీరు రోజూ ఆఫీసులో చేసేవే. వాటిని నేర్పండి. పొలాల్లో రాబోతున్న ఇళ్ల వెంచరు గురించి స్థానిక వార్త ఒకటి తీసుకోండి. గంట గడువిచ్చి, ఫోన్లు తీసేసుకుని, మీరు బయటికి వెళ్లిపోండి. తిరిగొచ్చాక జడ్జీగా కూర్చోండి. ఖర్చు ఎవరు భరిస్తారు? వాగు దిగువన ఉన్న రైతు సంగతేమిటి? పదేళ్ల తర్వాత దీన్ని ఎవరు చూసుకుంటారు?

కష్టమంతా ఇక్కడే. తడబడుతున్న పిల్లను చూస్తే వాక్యం అందించాలనిపిస్తుంది, చార్టు దిద్దాలనిపిస్తుంది. ఆగండి. మీరు దిద్దిన ప్రతిసారీ వాళ్లకు మీ ముఖం చూడటం అలవాటవుతుంది. తప్పులు చివర్లో, అదీ రెండే చెప్పండి.

సెలవు సంగతి

కౌంటీ, రాష్ట్ర పోటీలు తరచూ వసంతకాలంలో, పనిరోజుల్లో పడతాయి. తేదీ తెలిసిన రోజే మేనేజరుకు చెప్పండి. కంపెనీలో వాలంటీర్ లీవ్ ఉందేమో హెచ్‌ఆర్‌ను అడగండి. స్కూలు వాలంటీర్లకు నేపథ్య తనిఖీ అడగొచ్చు, దానికి సమయం పడుతుంది కాబట్టి స్కూళ్లు తెరవగానే దరఖాస్తు పెట్టండి.

ఈ వారం చేయాల్సింది ఒకే ఒక్క ఫోన్. మీ కౌంటీ కన్జర్వేషన్ డిస్ట్రిక్ట్‌కు చేసి, ఈ ఏడాది అంశం ఏమిటి, నమోదు గడువు ఎప్పుడు, మీ స్కూలు నుంచి జట్టు ఉందా అని అడగండి. జట్టు లేదని చెబితే ఐదుగురు పిల్లలను, ఒప్పుకునే ఒక టీచరును వెతకడంతో మీ పని మొదలవుతుంది.