ముదురు రంగుల పెండ్లి బల్లగుడ్డ: నేతగాండ్రకు ఒక పాఠము

మన పెండ్లి విందు అరటి ఆకుల పంక్తిలో సాగినంత కాలము బల్లగుడ్డతో మన మగ్గమునకు పని లేకుండెను. నేడు బెంగుళూరు, చెన్నై, పుణె, ముంబయి వంటి నగరములలో రిసెప్షన్ విందులకు బల్లలు వేసి, గుడ్డలు పరచి వడ్డించుట పరిపాటి అయినది. అందునను కొందరు తెల్లగుడ్డను వదలి, ద్రాక్షరంగు, వంకాయరంగు, బాటిల్ గ్రీన్, ముదురు నీలము గల దళసరి గుడ్డలను కోరుచున్నారు. ఇది పాశ్చాత్య దేశముల వేడుక. దుప్పట్లు, టవళ్ళు నేయుటలో చేయితిరిగిన షోలాపురపు సోదరులకును, వెడల్పు మగ్గములు గల ఇతర కేంద్రముల వారికిని ఇది చేయదగిన పని. కాని రంగు ముదిరిన కొలది నేతగాని బాధ్యతయు ముదురును. ఈ మాట మేము అనుభవముపై వ్రాయుచున్నాము.

కొన్ని సంవత్సరముల క్రిందట మేము ఒక పెండ్లికి ద్రాక్షరంగు బల్లగుడ్డలు నేసి ఇచ్చితిమి. చూచినవారెల్ల మెచ్చుకొనిరి. వడ్డన నడుమ ఒక గ్లాసు నీరు ఒలికెను. తడిసిన గుడ్డ తగిలి, పెండ్లికూతురి వైపు పెద్దామె తెల్లని పట్టుచీర కొంగున ఎఱ్ఱని మరక పడెను. ఆమె మమ్ము ఒక్క మాటయు అనలేదు. కొంగు మడిచి పట్టుకొని కూర్చుండెను. తప్పు మాదే. గడువు దగ్గరపడినదని, రంగు వేసిన నూలును మరుగు సబ్బునీట రెండవ మారు కడుగుట మానితిమి. కూలి పోయిన దానికంటె ఆ కొంగే మాకు నేటికిని జ్ఞాపకము. ఆ నాటి నుండి నేర్చుకొనినది నాలుగు భాగములుగా చెప్పెదము.

1. రంగుల ఎంపిక

ముదురు గుడ్డను పగటి వెలుగులో ఎంచరాదు. విందు జరుగునది రాత్రి, పసుపు దీపముల క్రింద. అట్టి కాంతిలో నీలపు పాలు తక్కువ. కనుక ముదురు నీలము నల్లగా మారిపోవును. మెరూన్, ద్రాక్ష, కాఫీ రంగులు మాత్రము వెచ్చగా నిలుచును. నమూనాను ఆ దీపము క్రిందనే పెట్టి చూచి, అటుపిమ్మట రంగు నిశ్చయింపవలెను.

రెండవది, ప్రక్క రంగు. పారిస్ నగరపు గోబెలిన్ నేతశాలలో 1824 నుండి అద్దకపు శాఖ చూచిన షెవ్రూల్ అను రసాయన శాస్త్రజ్ఞునికి, అచటి నల్లరంగు బలహీనముగ నున్నదని ఫిర్యాదు వచ్చెను. ఆయన పరీక్షించి, నలుపులో లోపము లేదనియు, ప్రక్కనున్న నీలము, ఊదా రంగుల వలననే అది వెలవెలబోవుచున్నదనియు కనుగొనెను. ఈ విచారణ ఫలమే 1839 నాటి ఆయన గ్రంథము. కావున ముదురు నీలము ప్రక్క నలుపు వేసి, నలుపు చాలలేదని మరల రంగులో ముంచుట వ్యర్థము. దాని సరసన పాత బంగారపు ఛాయయో, రాగి ఛాయయో ఒక సన్నని గీతగా వేసిన చాలును.

మూడవది, పట్టింపు. తెలుగువారి అనేక ఇండ్లలో పెండ్లికి నలుపు కూడదు. అదే మహారాష్ట్రమున మకర సంక్రాంతికి నల్లచీర కట్టుట వేడుక. కనుక ఆర్డరు తీసుకొనునపుడే ఇరువైపుల పెద్దలకు నమూనా చూపించుట మేలు. అచ్చమైన నలుపు లేకయే ముదురుదనము సాధ్యము.

2. నేతలోని నిండుదనము

పదునేడవ శతాబ్దపు డచ్చి చిత్రకారులు, ముఖ్యముగా విల్లెమ్ కాల్ఫ్, చీకటి నేపథ్యమున వెండి పాత్రలు, పండ్లు, బల్లపై దళసరి తివాచీ చిత్రించిరి. ఆ చిత్రములు చీకటిగా ఉన్నను మందముగా తోచవు. తివాచీ నూలు, వెండి అంచు, పండు తొక్క ఒక్కొక్కటి ఒక్కొక్క తీరున వెలుగును పట్టుటయే కారణము. మనకును ఇదే పాఠము. రంగులు పెంచక, వెలుగు పట్టు తీరులను పెంచవలెను.

ఇందుకు డమాస్కు నేత శ్రేష్ఠము. పడుగు, పేక ఒకే రంగు. నేల పడుగు తేలు శాటిన్, పువ్వు పేక తేలు శాటిన్. పోగులు అడ్డముగను, నిలువుగను ఉండుటచే వెలుగు వేర్వేరుగా తిరిగి, రెండవ రంగు లేకయే పువ్వు కనబడును. మెర్సరైజు చేసిన నూలు వాడిన మెఱపు ఇంకను హెచ్చును. జకార్డు లేనివారు డాబీపై చిన్న గళ్ళుగా దీనినే నేయవచ్చును. పోగులు ఒత్తుగా ఉన్న ఎనిమిది పోగుల శాటిన్, పలుచగా ఉన్న ఐదు పోగుల శాటిన్ మేలు. పోగు ఎక్కువ దూరము తేలినచో గాజులకు, ఫోర్కులకు తగులుకొని లాగివేయును.

తేనెపట్టు నేత, టెర్రీ వంటి ఎగుడుదిగుడు నేతలను పళ్ళెముల క్రింద వేయరాదు; గ్లాసు నిలువదు. వాటిని బల్ల నడుమ పరచు పట్టీకిని, క్రిందికి వ్రేలాడు అంచునకును ఉంచవలెను.

3. కొలత

ఎనిమిది మంది కూర్చుండు గుండ్రని బల్ల అడ్డుకొలత సాధారణముగ 60 అంగుళములు, ఎత్తు 30 అంగుళములు. నేల తాకు గుడ్డకు 60, 30, 30 కలిపి 120 అంగుళములు కావలెను. అంత వెడల్పు మగ్గము మనలో అరుదు. 62 అంగుళముల పన్నాతో నేసి, ఒక నిడివిని నడుమకు ఉంచి, రెండవ నిడివిని పొడవునా రెండుగా చీల్చి ఇరుప్రక్కల కుట్టవలెను. అపుడు కుట్టు బల్ల అంచుననే పడును. పళ్ళెము క్రిందికి రాదు. కుట్టుకు, మడతకు, ముడుచుకొనుటకు కలిపి గుడ్డకు 7 గజములు లెక్క వేసికొనవలెను. పువ్వు జత కలుపవలసి వచ్చిన మరికొంత కావలెను.

4. అద్దకము, పరీక్ష

డైరెక్టు రంగులు తడికి దిగును. నాఫ్తాల్ ఎఱుపులు రాపిడికి అంటుకొనును. సల్ఫర్ నలుపు చౌకయే గాని, సరిగా కడుగక నిలువయుంచిన నూలు పుచ్చిపోవును. కావున వాట్ రంగులు, లేదా రియాక్టివ్ రంగులు వాడుడు. రియాక్టివ్ రంగు ముదురు ఛాయలో నూలుకు అంటక మిగిలినది చాల ఉండును. అది మరుగు సబ్బునీటి కడుగుడులతోనే పోవును. నీరు తేటగా వచ్చువరకు కడుగుటయే అద్దకములో సగము పని.

పరీక్షకు యంత్రము అక్కరలేదు. తెల్లని నూలుగుడ్డను వ్రేలికి చుట్టి, నమూనాపై పొడిగా 10 మార్లు, తడిపి 10 మార్లు రుద్దుడు. మరియొక ముక్కను రెండు తెల్లగుడ్డల నడుమ కుట్టి, గోరువెచ్చని సబ్బునీట అరగంట నానవేసి ఆరబెట్టుడు. తెల్లగుడ్డకు రంగు అంటినచో ఆ చిలపలను మరల కడుగవలెను. గడువు దాటిన పక్షమున గడువు పొడిగింపు కోరుడు. అదియు వీలుకానిచో ఆర్డరు వదలుకొనుడు. వదలుకొనిన ఆర్డరు మరల వచ్చును. మరక పడిన నమ్మకము రాదు.

ఈ పనికి పూనుకొను సభ్యులు మొదట ఒక్క బల్లకు సరిపడు గుడ్డ నేసి, తమ ఇంటనే పరచి, దీపము వెలిగించి, ఒక గ్లాసు నీరు దానిపై ఒలికించి చూడుడు. ఆ తడిపై తెల్లని కొంగు వేసి ఒత్తుడు. కొంగు తెల్లగానే ఉన్న నాడు ఆ గుడ్డను పెండ్లివారికి పంపుడు.