పాఠశాలయు తుపాకియు: ఒక చర్చ

పాఠశాలలలో తుపాకి ప్రేలుట దూరదేశముల వార్త యని మనము తలంతుము. అది పూర్తిగ నిజము కాదు. 2007 డిసెంబరులో హర్యానాలోని గుర్‌గావ్‌లో ఎనిమిదవ తరగతి బాలురు ఇరువురు ఇంటినుండి తెచ్చిన తుపాకితో సహపాఠిని కాల్చి చంపిరి. 2015 మార్చి 31న మన బెంగుళూరు కాడుగోడిలోని ఒక విద్యాసంస్థ వసతిగృహమున అచటి ఉద్యోగియే కాల్పులు జరుపగా ఒక విద్యార్థిని మరణించెను. ఇట్టివి జరుగకుండ నేమి చేయవలెను?

చట్టము కఠినముగ నుండవలెనని ఒక పక్షము వాదించును. 1996 మార్చి 13న స్కాట్లండులోని డన్‌బ్లేన్ పాఠశాలలో 16 మంది పసిపిల్లలును వారి ఉపాధ్యాయురాలును హతులైరి. మరుసటి సంవత్సరమే బ్రిటను చేతితుపాకులను దాదాపు పూర్తిగ నిషేధించెను. పిమ్మట అచట అట్టి ఘోరము ఏ పాఠశాలలోను జరుగలేదు. మన 1959 నాటి ఆయుధముల చట్టము ప్రకారము లైసెన్సు లేక తుపాకి యుంచుకొనరాదు. 21 ఏండ్లు నిండియుండవలెను. 2019 నాటి సవరణచే సామాన్యముగ ఒకరికి రెండింటికి మించి యుండరాదు.

దోషము మనిషిది గాని ఆయుధముది కాదని రెండవ పక్షము పలుకును. అమెరికా రాజ్యాంగమున 1791లో చేరిన రెండవ సవరణ ఆయుధములు కలిగియుండు హక్కును కాపాడుచున్నది. మన కర్ణాటకమునందే కొడవలకు లైసెన్సునుండి మినహాయింపు కలదు. అది 2029 వరకు పొడిగింపబడినది. కైల్‌పోద్ పండుగనాడు వారు తుపాకులను పూజింతురు. తుపాకి యున్నంతనే హింస పుట్టదనియు, దొంగచాటుగ దొరకు ఆయుధమును లైసెన్సు ఆపజాలదనియు వీరి వాదము.

రెండింటను సత్యాంశము కలదు. అయితే 2002లో వెలువడిన అమెరికా ప్రభుత్వ పరిశీలన యొకటి మార్గము చూపుచున్నది. పాఠశాలలపై జరిగిన 37 దాడులను అది పరిశోధించెను. దాడిచేసినవారిలో మూడింట రెండు వంతులమందికి తుపాకి స్వగృహమునుండి గాని, బంధువుల యింటినుండి గాని లభించెను. అంతకంటె ముఖ్యమైన దొకటి కలదు. నూటికి 81 దాడులలో ఆ తలంపు మరియొకరికి ముందే తెలియును. తెలిసినవారు పెక్కురు తోటి విద్యార్థులే!

కావున మా అభిప్రాయ మిది. చట్టము తుపాకిని అరుదు చేయును. తాళము దానిని బాలుని చేతికి అందనీయదు. కాని ముందుగ హెచ్చరింపగలవాడు విద్యార్థియే. ఒకనికి శిక్ష పడవలెనని చెప్పుట చాడి. ప్రాణము నిలుపుటకై చెప్పుట ధర్మము. అట్టి మాట వినినచో వెంటనే ఉపాధ్యాయునికి గాని, తలిదండ్రులకు గాని తెలుపవలెను. 1098 బాలల సహాయవాణి కూడ కలదు.

తలిదండ్రులకు ఒక మనవి. బొమ్మసంద్ర కర్మాగారములలో వంతులవారీగ పనిచేయువారికి తీరిక తక్కువ. అయినను దినమునకు కొంతసేపు పిల్లలతో తెలుగున మాటలాడుడు. పాఠము ఏ భాషలోనైన నేర్వవచ్చును. భయమును చెప్పుకొనుటకు మాత్రము తల్లిభాషయే దగ్గర.

అభ్యాసము
1. రెండు పక్షముల వాదములను మీ మాటలలో వ్రాయుడు.
2. చాడికిని హెచ్చరికకును గల భేదమేమి?
3. పాఠశాల ద్వారమున సాయుధుడైన కాపలాదారు ఉండవలెనా? తరగతిలో చర్చింపుడు.