గృహస్థుని స్మరణ: ఆయ్దక్కి మారయ్య జీవితపాఠము

కష్టించి బ్రదికిన గృహస్థుడు లింగైక్యము నొందిన పిమ్మట ఆ కుటుంబము ఆయనను ఏ విధముగా స్మరింపవలెను? విజయనగరం సీమ పల్లెలలో ఈ ప్రశ్న ప్రతి ఇంటికిని ఎప్పుడో ఒకప్పుడు ఎదురగుచునే యుండును. తొలకరిలో దుక్కి దున్ని, ఉడుపులు ముగించి, గోగు కోసి నీట నానవేసి నార తీసి, పిదప వరికోతలు, నూర్పులు నడిపి, బిడ్డలను పెంచిన రైతు గ్రంథము వ్రాసి యుండడు. ఆయన పేర శిలాఫలకమును ఉండదు. అట్టివాని జీవితమును విడిచిన భూమితో మాత్రమే కొలిచినచో, ఆస్తి పంపకముతోనే స్మరణయు ముగియును.

ఇందుకు సమాధానము పన్నెండవ శతాబ్దపు శరణుల గృహములందు లభించును. ఆయ్దక్కి మారయ్య నేటి రాయచూరు జిల్లా లింగసుగూరు తాలూకాలోని అమరేశ్వర క్షేత్రమునకు చెందినవాడు. భార్య లక్కమ్మతో కల్యాణము చేరి, బసవేశ్వరుని మహామనె ముంగిట రాలిన బియ్యమును ఏరి తెచ్చుటయే కాయకముగా స్వీకరించెను. 'ఆయ్దక్కి' యనగా కన్నడమున ఏరిన బియ్యము. కోసిన మడిలో పరిగె ఏరుకొను చేతులను ఎరిగిన మన పల్లెవారికి ఈ కాయకము వేరుగ వివరింపనక్కరలేదు.

ఒకనాడు మారయ్య నిత్యమునకంటె అధికముగ బియ్యము తెచ్చెను. లక్కమ్మ దానిని చూచి, అవసరమునకు మించినది ఆశయే యగునని పలికి, మిగులు బియ్యమును తెచ్చిన చోటనే పోసి రమ్మని పంపెను. మారయ్య కోపింపక అట్లే చేసెను. మరియొకప్పుడు ఆయన అల్లమప్రభువుతోడి శివానుభవ గోష్ఠిలో మునిగి కాయకవేళను మరువగా, లక్కమ్మయే హెచ్చరించి పంపినట్లు 'శూన్యసంపాదన' తెలుపుచున్నది. కాయకమును కైలాసముతో సమానముగ నెంచిన మారయ్యకును ఆ హెచ్చరిక అవసరమయ్యెను!

ఈ వృత్తాంతముల నుండి గ్రహింపవలసినవి మూడు.

మొదటిది, స్మరణ సత్యముగ నుండవలెను. శరణ సంప్రదాయము మారయ్య పొరపాటును దాచలేదు. దిద్దుకొనిన తీరునే ఆదర్శముగ నిలిపెను. తండ్రిని దోషరహితునిగ పొగడుటకంటె, ఆయన దేనిని దిద్దుకొనెనో బిడ్డలకు చెప్పుట మేలు.

రెండవది, గృహస్థుని స్మరించునపుడు గృహిణిని మరువరాదు. లక్కమ్మ తన వచనములకు 'మారయ్యప్రియ అమరేశ్వరలింగ' యను ముద్ర నుంచెను. పతి పేరు ఆమె వచనములలో నిలిచినది. ఆమె వివేకము పతి కాయకమును నిలిపినది. నారు పట్టి, నాట్లు వేసి, పాడి చూచిన తల్లి శ్రమను విడిచి తండ్రి కథ చెప్పినచో అది సగము కథయే.

మూడవది, దాసోహము కాయకఫలముతోనే జరుగవలెను. మిగులు బియ్యమును మరలించిన లక్కమ్మ, కొద్దిపాటి బియ్యముతోనే జంగమారాధన జరిపెనని పుణ్యకథ. కావున అప్పు చేసి ఆడంబరముగ జరుపు ఆరాధన ఆ ఇంటి పెద్దకు గౌరవము కానేరదు. అప్పునకు వెరచి, గంజి త్రాగియైన మాట నిలుపుకొనిన రైతు పేర అప్పు చేయుట ఆయన జీవితమునకే విరుద్ధము. స్వార్జితమైన పిడికెడు బియ్యముతో ఒక్క జంగమునకు, ఆకలిగొన్న ఒక్కనికి భక్తితో పెట్టినను చాలును.

పొలమును విడిచి విశాఖపట్టణమునకో, హైదరాబాదునకో పనికై వలసపోయిన కుమారుడు తండ్రి కాయకమును విడిచినట్లు కాదు. పని మారినను నియమము మారరాదు. త్రాళ్లు పేనిన నులియ చందయ్యయు, కట్టెలు మోసిన మోళిగె మారయ్యయు వేరువేరు పనులు చేసిరి. న్యాయార్జనము, దాసోహము మాత్రము వారికి ఒక్కటియే.

లింగైక్యుని పటమునకు పూలమాల వేయుట సులభము. ఆ చేతుల నిజాయితీని తమ చేతులలో నిలుపుకొనుటయే కుటుంబము చేయదగిన నిజమైన స్మరణ.