మెడ పట్టేసిన బిడ్డకు

వనపర్తి



గద్వాలలో మగ్గం మీద కూర్చున్నావో లేదో నీకు మెడ పట్టేసిందని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. పక్కకు చూడాలంటే తల తిరగడం లేదని, ఒళ్లంతా తిప్పాల్సి వస్తోందని కూడా చెప్పింది. భయపడకు. మెడ నుంచి భుజం రెక్కకు పోయే కండరం బిగుసుకుంటే అట్లనే ఉంటుంది. ఎక్కువమందికి నాలుగు రోజుల్లో, మహా అయితే వారంలో వదిలిపోతుంది. ఈలోపు నొప్పి తగ్గించుకోవడానికి ఇంట్లో చేయదగినవి రాస్తున్నాను. జాగ్రత్తగా చదువు.

అన్నిటికంటే ముందు కాపడం. రెండు పిడికిళ్ల దొడ్డుప్పు ఇనుప పెనం మీద పోసి సన్నని సెగ మీద వేయించు. చిటపటమని, ఆ చప్పుడు తగ్గాక దించి, పాత నూలు చీర ముక్కను రెండు మడతలు వేసి అందులో మూట కట్టు. మూటను ముందు నీ ముంజేతికి ఆనించి చూడు. చేయి వెనక్కి తీసుకోవాలనిపిస్తే ఇంకా ఆగాలి. వేడి హాయిగా అనిపించినప్పుడు మెడ పక్కన, భుజం మీద అద్దుతూ పదిహేను నిమిషాలు కాపు. రోజుకు రెండు మూడుసార్లు చాలు. మూటను మెడ కింద పెట్టుకుని నిద్రపోవద్దు, చర్మం కాలుతుంది. మీ నానమ్మకు షుగరుంది కదా, ఆమెకు స్పర్శ తగ్గి ఉంటే వేడి తెలియదు. ఆమెకు కాపడం పెడితే ఇంకా జాగ్రత్త.

వాగు గట్టున వావిలి చెట్టు దొరికితే గుప్పెడు ఆకు నీళ్లలో మరిగించి, ఆ నీళ్లలో ముంచి పిండిన గుడ్డతో కాపినా మంచిదే. మన పాలమూరు మెట్టల్లో ఆముదాలు పండించిన ఇళ్లలో ఆముదపాకుకు నూనె రాసి, వెచ్చజేసి మెడకు కట్టేవాళ్లు. నా మటుకు నేను ఆకుకంటే వెచ్చదనానికే ఎక్కువ విలువ ఇస్తాను. నువ్వుల నూనె గోరువెచ్చగా చేసి మీ అమ్మతో మెల్లగా రాయించుకో. నొప్పి ఉన్నచోట బొటనవేలితో గట్టిగా నొక్కనీయకు. కాశీనాథుని నాగేశ్వరరావు గారు 1893లో బొంబాయిలో మొదలుపెట్టిన అమృతాంజనం ఇప్పటికీ ప్రతి ఇంట్లో ఉంటుంది. అది రాసుకుంటే కొంతసేపు నొప్పి తెలియదు. కానీ బామ్ రాసినచోట వెంటనే కాపడం పెట్టకు, బొబ్బలెక్కవచ్చు.

దిండు ఎండలో వేస్తే మెడ పట్టు పోతుందని ఇరుగుపొరుగు చెబుతారు. వేయి, తప్పులేదు. మెడ మాత్రం తన రోజులు తాను తీసుకునే తగ్గుతుంది.

మంచం పట్టి పడుకోవద్దు. కాపడం అయిన వెంటనే, కండరం మెత్తబడి ఉన్నప్పుడే, నొప్పి మొదలయ్యేదాకా తల మెల్లగా కుడికి, ఎడమకు ఐదేసిసార్లు తిప్పు. భుజాలు పైకెత్తి దించు. గడ్డాన్ని వెనక్కి లాగి ఒక క్షణం ఆపి వదులు. మెడను ఎవరితోనూ విరిపించుకోకు. కటింగ్ షాపులో టక్కుమనిపించే పని అసలే వద్దు. మెదడుకు నెత్తురు తీసుకుపోయే రెండు నాళాలు మెడ ఎముకల్లోని రంధ్రాల గుండానే పోతాయి. ఆ కుదుపుకు అవి చిట్లితే పక్షవాతం వచ్చే ప్రమాదం ఉంది.

ఇక అసలు సంగతికి వస్తాను. ఎంత కాపినా కూర్చునే తీరు మారకపోతే మెడ మళ్లీ పట్టేస్తుంది. కుప్పడం నేతలో నాడె వేసిన ప్రతిసారీ ఒడలి నూలు పేక, అంచు పట్టు పేక ఒకదాన్నొకటి పట్టుకోవాలి. ఆ అతుకు చూడటానికి కళ్లు కిందికి పోతాయి, కళ్ల వెంట తలా పోతుంది. తల బరువు దాదాపు ఐదు కిలోలు. అరవై డిగ్రీలు వంచితే మెడ మీద పడే భారం ఇరవై ఏడు కిలోల దాకా ఉంటుందని 2014లో హన్స్‌రాజ్ అనే అమెరికా వెన్నెముక డాక్టరు లెక్కకట్టాడు. అంటే ఒక బియ్యం బస్తా. నువ్వు దాన్ని పొద్దస్తమానం మోసి, రాత్రి ఫోన్ చూస్తూ మళ్లీ ఎత్తుకుంటున్నావు. పత్తి విత్తనాల చేన్లలో పొద్దంతా వంగి క్రాసింగ్ చేసే ఆడవాళ్ల మెడలకూ ఇదే బాధ.

మగ్గం గుంటలో నువ్వు కూర్చునే పలక ఎత్తు చూసుకో. నేసిన బట్ట చుట్టుకునే దోనె నీ మోచేతుల ఎత్తుకు రావాలి. అంతకంటే కిందుంటే నడుమూ మెడా రెండూ వంగుతాయి. వంగక తప్పనప్పుడు తుంటి దగ్గర నుంచి వంగు, మెడను ఒక్కదాన్నే వేలాడేయకు. వెలుగు పక్కనుంచి, పైనుంచి అంచు మీద పడేలా బల్బు పెట్టించు. చీకట్లో వెతికే కళ్లు తలను ఇంకా కిందికి లాగుతాయి. పోగు మసకగా కనిపిస్తుంటే కంటి డాక్టరుకు చూపించుకో. గంటకోసారి లేవమంటే నేతగత్తెకు గుర్తుండదు. నాడెలో కండె అయిపోయిన ప్రతిసారీ మాత్రం చేయి ఎలాగూ ఆగుతుంది. కొత్త కండె పెట్టేముందు తలెత్తి ఎదుటి గోడ చూడు, భుజాలు ఒకసారి తిప్పు. పనికి ఆటంకం ఉండదు.

దిండు సంగతి కూడా వినుకో. పక్కకు తిరిగి పడుకుంటే దిండు మెడకూ పరుపుకూ మధ్య సందు నింపాలి. బోర్లా పడుకోవద్దు.

కొన్ని మెడనొప్పులకు ఇంటి వైద్యం పనికిరాదు. జ్వరం, తీవ్రమైన తలనొప్పి, వాంతులు ఉండి, గడ్డం ఛాతీకి ఆనకపోతే అది మెదడు పొరల వాపు కావచ్చు. ఆ పూటే ఆసుపత్రికి పోవాలి. చేయి తిమ్మిరెక్కి వేళ్లలో పట్టు తప్పి నాడె జారుతున్నా, నడకలో తేడా వచ్చినా, నొప్పి పదిరోజులైనా తగ్గకపోయినా డాక్టరుకు చూపించాలి. కిందపడ్డాక మెడ నొస్తే తిప్పకుండా 108కి ఫోన్ చేయించు. ఛాతీలో బరువుతో నొప్పి దవడకో ఎడమచేతికో పాకి చెమటలు పడితే, ఇంట్లో ఎవరికైనా సరే, కాపడం మాటే ఎత్తకు, నేరుగా ఆసుపత్రికి పోవాలి. ఇదివరకు ఏ పెద్ద జబ్బొచ్చినా మీరు కర్నూలుకు, మేము మహబూబ్‌నగర్‌కు ఉరికేవాళ్లం. 2022లో వనపర్తిలో, నాగర్‌కర్నూలులో సర్కారు మెడికల్ కాలేజీలు వచ్చాయి. ఇక దూరమని ఆగిపోవలసిన పని లేదు.

పలక మీద కూర్చుని, మోచేతి నుంచి దోనె ఎంత కిందుందో మీ అమ్మతో జానతో కొలిపించి నాకు చెప్పు. పలక దించాలా, దోనె ఎత్తాలా అన్నది విన్నాక చెబుతాను. అప్పటిదాకా సగం పూటే నేయి.

నీ పెద్దమ్మ